ఉప్పునీళ్ళ పెట్టె, ఎర్రచీటీల సీసాలు

మా బావ లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్ళుగా అదే పని. లిఫ్టులో నిలబడి కళ్ళు మూసుకుని తాడు చప్పుడు వింటాడు. "మూడో అంతస్తు దగ్గర రోలర్ అరిగింది" అంటాడు. పైకెక్కి చూస్తే అరిగే ఉంటుంది. అదే మనిషిని పది మందిలో కూర్చోబెడితే "ఊఁ", "అంతే" అనే రెండు మాటలతో పూట గడిపేస్తాడు. లిఫ్టులో జనం తనని ఏదో ఒకటి మాట్లాడించడమే తన ఉద్యోగంలోని అసలు కష్టమని మా అక్కతో ఒకసారి అన్నాడట. అది కూడా పెళ్ళయిన నాలుగో ఏట.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. లిఫ్టు బాగు చేసేటప్పుడు కరెంటు ఆపి, స్విచ్చికి ఒక ఎర్రచీటీ కడతారు. దాని మీద "ప్రమాదం. ముట్టుకోవద్దు" అని ఉంటుంది. ఆ చీటీని కట్టినవాడే విప్పాలి. భవనం యజమాని వచ్చి అరిచినా సరే, ఇంకొకరు చెయ్యి వేయడానికి లేదు. లోపల తాళ్ళ మధ్య తలపెట్టి పనిచేసేవాడి ప్రాణం ఆ చీటీ మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ నియమాన్ని ఎవరూ ఎగతాళి చేయరు. మా బావ ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. దానికి కారణం హాల్లో ఉన్న గాజుపెట్టె.

సోఫాకి ఎదురుగా, అందరిళ్ళలో టీవీ ఉండేచోట, రెండు చేతులూ బార్లా చాపినంత పొడవున ఉంటుందది. గాజు పలకలు తానే కొలిచి, కోయించి, అతికించాడు. అందులో ఉన్నవి ఉప్పునీళ్ళు, రాళ్ళు, రెండు నారింజరంగు చేపలు, ఒక చారల రొయ్య, రాళ్ళ మీద పగడాలు. పగడమంటే నగలో పొదిగే రాయి అనుకునేరు. ఇవి ప్రాణమున్నవి. తింటాయి, పెరుగుతాయి, అలుగుతాయి. వాటిలో ఒకటి పెద్దది. తొమ్మిదేళ్ళ కింద అక్వేరియం షాపాయన చచ్చిపోయిందని చెత్తబుట్టలో పడేయబోతుంటే, "అది నాకివ్వండి" అని బావ అడిగి తెచ్చుకున్న ముక్క అది. అప్పుడు బొటనవేలి గోరంత ఉండేది. ఇప్పుడు పెద్ద క్యాబేజీ అంత. పొద్దున లైటు వెలగగానే వందలకొద్దీ ఆకుపచ్చ వేళ్ళు చాచి నీళ్ళ వాలుకు ఊగుతుంది. డ్యూటీ నుంచి రాగానే బావ బూట్లు కూడా విప్పకుండా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ఆ తొమ్మిదేళ్ళలో ఊరు దాటి రెండు రాత్రులకు మించి ఎక్కడా ఉండలేదు.

మా అక్క ఆ పగడాన్ని "మా ఆడపడుచు" అంటుంది.

"తొమ్మిదేళ్ళ కింద వచ్చి గోడవారగా కూర్చుంది. కదలదు, మెదలదు. దానికి వేడి ఎక్కువైతే ఆయనకి చెమట్లు పడతాయి. నాకు జ్వరమొస్తే మాత్రం మాత్ర ఎక్కడుందో కూడా తెలీదు మనిషికి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెబుతూనే చేత్తో దాని వైపు దుమ్ము రాకుండా తలుపు దగ్గరకి వేస్తుంది.

పెట్టె కింద అల్మారాలో ఒక నురుగు యంత్రం ఉంది. అది గాలిని పీల్చి, నీళ్ళలో సన్నటి బుడగలు చేసి, మురికిని నురుగులా పైకి తోసి ఒక కప్పులో పోస్తుంది. మూడేళ్ళ కింద ఒక రోజు అక్క కిటికీ అద్దాలకి స్ప్రే కొట్టి మెరిపించింది. సాయంత్రానికి అప్పటి రొయ్య వెల్లకిలా పడింది. షాపాయన విషయం విడమరిచి చెప్పాడు. స్ప్రే తుంపర నీళ్ళ మీద పడుతుంది, పడనిది గాలిలో తేలుతుంది, తేలినదాన్ని నురుగు యంత్రం పీల్చి మళ్ళీ నీళ్ళలోకే తోస్తుంది. మనకి ఒక తుమ్ముతో పోయేది వాటికి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రోజే బావ గోడ మీద ఒక నోటీసు అంటించాడు. లిఫ్టుల్లో ఉండేలాంటి నోటీసే. ఇంట్లో స్ప్రే నిషేధం. ఏ స్ప్రే అయినా బాల్కనీలోనే, తలుపు వేసుకుని కొట్టాలి. పెట్టె అద్దం ఎవరూ తుడవకూడదు. కింద సంతకం, తేదీ. స్ప్రే సీసా మెడకి ఎర్రచీటీ. అప్పట్లో ఇంట్లో ఉన్నది ఒక్కటే సీసా. అక్క వారానికోసారి ముఖం చూసుకునే ఒకే ఒక్క అద్దాన్ని బాల్కనీలోకి మోసుకెళ్ళి తుడిచేది. అలా రోజులు బాగానే గడిచాయి.

ఏడాది తరువాత వానలకి తలుపులన్నీ మూసి ఉంచిన రోజుల్లో పగడాలు కాస్త డల్‌గా కనిపించాయి. మూసిన గది గాలి మంచిది కాదు, యంత్రానికి బయటి గాలి అందేలా చూడమన్నాడు షాపాయన. బావ నన్ను పిలిచాడు. నేను ప్లంబర్ని. రెండు వీధుల అవతల ఉంటాను. పొద్దున కాఫీ అక్కడే. గోడకి చిన్న రంధ్రం చేసి, వేలు లావు గొట్టం ఒకటి అల్మారాలోంచి బాల్కనీలోకి తీశాను. పురుగులు దూరకుండా చివర జాలీ బిగించాను. వాన పడకుండా బాల్కనీలోని చెక్కబల్ల కింద, దాని అంచుకి ఆనించి ఉంచాను. బయటివాళ్ళకి కనబడదు, కాలికి తగలదు. గోడ రంగు గొట్టానికి కూడా వేశాను. బావ వంగి చూసి "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే పని బాగున్నట్టే.

ఇదంతా ఇలా ఉండగా మా అమ్మ వచ్చింది.

అమ్మ ముప్పై ఏళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసింది. ఆపరేషన్ గదులు శుభ్రం చేసే పది మందికి పెద్ద. ఆవిడ తుడిచిన నేల మీద నీడ పడినా మచ్చలా కనబడేదని చెప్పుకునేవారు. రిటైరై మూడేళ్ళయింది. తన ఇంట్లో కొత్త టైల్స్ వేయిస్తుంటే, నా ఒంటిగదిలో చోటు లేక, నెల రోజులు కూతురి దగ్గర ఉండడానికి వచ్చింది. ఒక సూట్‌కేసు నిండా బట్టలు, ఒక సంచీ నిండా సీసాలు. అద్దాలకి నీలం, నేలకి ఆకుపచ్చ, వంటింటికి పసుపు, బాత్రూముకి గులాబీ, చెక్కకి గోధుమరంగు, తోలుకి, ఇనుముకి వేరు. ఎనిమిదోది తెల్లది. అది దేనికని అడిగితే "మిగిలినవాటికి" అంది.

బావ పనిముట్ల పెట్టె తెచ్చుకుని, నేల మీద కూర్చుని, ఎనిమిది సీసాల మెడలకీ ఎనిమిది ఎర్రచీటీలు కట్టాడు.

"ఇదేంటి బాబూ, నా సీసాలకి తాయెత్తులు కడుతున్నారు? దిష్టి తగిలిందా?" అంది అమ్మ.

"మా పనిలో పద్ధతి అత్తయ్యా. నేనే కడతాను, నేనే విప్పుతాను. ఏం కొట్టాలన్నా బాల్కనీలో, తలుపు వేసుకుని. అయ్యాక మళ్ళీ కడతాను."

ఇక చూడాలి తమాషా అని అక్కా నేనూ వంటింటి గుమ్మం దగ్గర సర్దుకుని నిలబడ్డాం. అమ్మ నోటీసు మొత్తం చదివింది. సంతకం, తేదీ కూడా చదివింది. తరువాత తల ఊపింది.

"మా ఆపరేషన్ థియేటర్లోనూ అంతే బాబూ. గీత దాటితే పెద్ద డాక్టర్నైనా బయటికి పంపేదాన్ని. నియమమంటే నియమం. మీరు నిశ్చింతగా ఉండండి."

మా ఇద్దరికీ నిరాశగా అనిపించింది.

మర్నాటి నుంచి మొదలైంది. పొద్దున ఆరింటికి అమ్మ ఎనిమిది సీసాలూ బల్ల మీద వరసగా పెట్టి బావ ముందు కూర్చునేది. "విప్పండి బాబూ." ఆయన ఒక్కొక్కటే విప్పేవాడు. పిచికారీ చప్పుడు గంటసేపు. ఆ తరువాత "కట్టండి బాబూ." ఒక రోజు బావ పెందలాడే డ్యూటీకి వెళ్ళిపోతే, చీటీలు విప్పేవాళ్ళు లేక అమ్మ సాయంత్రం దాకా సీసాల పక్కనే కూర్చుంది. నేను విప్పబోతే చేతి మీద కొట్టింది.

"కట్టినవాళ్ళే విప్పాలిరా. బుద్ధి లేదూ?"

ఇంట్లో స్ప్రే కొట్టకూడదు కాబట్టి ఇల్లే బాల్కనీకి రావాల్సి వచ్చింది. కుర్చీలు వెళ్ళాయి, ఫొటోలు వెళ్ళాయి, టీవీ రిమోట్ వెళ్ళింది. టీవీ పడకగదిలో ఉంటుంది, అది కూడా వెళ్ళొచ్చింది. అన్నిటినీ ఆ చెక్కబల్ల మీద పెట్టి, ముందు నుంచి కొట్టి, వెనక నుంచి కొట్టి, తుడిచి లోపలికి పంపేది. మోసేది అక్క.

"అమ్మా, ఉప్పుడబ్బా మూతని కూడా బాల్కనీకి తీసుకెళ్తావేంటే?"

"మూత కాదే, మూత అంచు. చూశావా ఎప్పుడైనా?"

"నేనెందుకు చూస్తాను?"

"అదే నేననేది."

నేను కాఫీకి వచ్చి హెల్మెట్ బల్ల మీద పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేలోపు అది కూడా బాల్కనీకి చేరింది. కాఫీ తాగే కప్పుని నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

నాలుగో రోజు నురుగు యంత్రం కప్పు నిండింది. మామూలుగా వారం పడుతుంది. బావ సంతోషించాడు. "బాగా లాగుతోంది" అన్నాడు. అయిదో రోజు పూటకోసారి నిండింది. ఆరో రోజు పొద్దున అల్మారా తలుపు తీయగానే నురుగు బయటికి దొర్లింది. పెళ్ళిళ్ళకని తీసి పెట్టుకున్న చెప్పుల్లోకి, కరెంటు డబ్బా దాకా, తెల్లగా, మెత్తగా. అక్క "అయ్యో, పాలు పొంగినట్టు పొంగిందే" అంది. బావ గబుక్కున పెట్టె వైపు తిరిగాడు.

పెద్ద పగడం వేళ్ళు లోపలికి లాగేసుకుంది. లైటు వెలిగి రెండు గంటలైనా ఒక్కటీ బయటికి రాలేదు. కుళాయి కింద పడేసిన స్పాంజిలా ఉంది. రొయ్య రాయి కిందికి దూరి మీసాలు కూడా కనబడనివ్వడం లేదు.

బావ నేల మీద చతికిలబడ్డాడు. ఆ రోజు డ్యూటీకి సెలవు పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న తన కూతురు పుట్టినప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి.

"ఇంట్లో ఎవరో స్ప్రే కొట్టారు" అన్నాడు.

అందరూ లేదన్నారు. అయినా విచారణ మొదలైంది. వరసగా నిలబెట్టి చేతులు వాసన చూశాడు. అక్క చేతికి రాసుకునే క్రీము దొరికింది. నా చంకల్లో డియోడరెంటు దొరికింది. రెండింటికీ ఎర్రచీటీలు కట్టి, ఇకపై అవి కూడా బాల్కనీలోనే అన్నాడు. తలనూనె, పౌడరు, దోమలమందు, బట్టలకి కొట్టే సెంటు, అన్నిటికీ అదే తీర్పు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మా కుటుంబం మొత్తం బాల్కనీలో భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఒకరు బుస్సుమని, ఇంకొకరు తుస్సుమని కొట్టుకుంటున్నాం. ఎదురింటావిడ బట్టలారేస్తూ ఆగి చూసింది.

"ఏంటమ్మా, మీ బాత్రూము పాడైందా?"

"లేదండీ, మా ఆడపడుచుకి ఒంట్లో బాగాలేదు" అంది అక్క.

అన్నీ బయటికి పంపినా నురుగు ఆగలేదు. అంతకంతకూ పొంగింది. బావకి అర్థం కాలేదు. నన్ను గొట్టం చూడమన్నాడు. చూశాను. జాలీకి వేలు పెడితే చల్లగా లాగుతోంది. "గొట్టం బ్రహ్మాండంగా పీలుస్తోంది బావా" అని చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి.

మిగిలింది అమ్మ. బావ నేల వైపు చూస్తూ మెల్లిగా అన్నాడు.

"అత్తయ్యా, మరోలా అనుకోకండి. మేం చూడనప్పుడు పొరపాటున లోపల ఒక్కసారైనా..."

అమ్మ చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"ముప్పై ఏళ్ళు" అంది అమ్మ. "కడుపు కోసి తెరిచి ఉంచిన గదులు తుడిచాను బాబూ. నేను తుడిచిన గదిలో ఒక్కరికి చీము పట్టలేదు. మీరు గీత గీశారు, నేను దాటలేదు. ఆ ఉప్పుడబ్బా మూతని అడగండి, చెబుతుంది."

లేచి వెళ్ళి సూట్‌కేసు తీసింది. అక్క ఏడుపుముఖం పెట్టింది. "అమ్మా, ఇల్లంతా టైల్స్ పీకేసి ఉంది కదే, ఎక్కడ పడుకుంటావు?" "ఇసుక మీద" అంది అమ్మ. బావ పగడం వైపు చూస్తాడు, అత్తగారి వైపు చూస్తాడు. పగడం అంచున ఒకచోట కండ తెల్లబడడం మొదలైంది. తెల్లబడ్డ చోటు తిరిగి రాదు. అది చుట్టూ పాకితే తొమ్మిదేళ్ళ బతుకు రెండు రోజుల్లో రాయిగా మారుతుంది.

అమ్మ బట్టలు సర్దింది. కానీ సూట్‌కేసు చక్రాలకి మట్టి ఉంది. మట్టి సూట్‌కేసుతో వీధిలో నడవడం ఆవిడ వల్ల కాదు. అలిగిన మనిషి అలాగే బావ ముందుకొచ్చి, ముఖం పక్కకి తిప్పుకుని, తెల్లసీసా చాపింది.

"విప్పండి."

బావ విప్పాడు. అమ్మ సూట్‌కేసుని బాల్కనీలోకి లాక్కెళ్ళి, బల్ల మీదికి ఎత్తలేక బల్ల పక్కన నేల మీద పెట్టి, తలుపు వేసుకుని, కూర్చుని కొట్టింది. ఇన్నాళ్ళూ బల్ల పైన నిలబడి కొట్టిన మనిషి మొదటిసారి బల్ల కిందికి చూసింది. ఏటవాలుగా పొద్దుటి ఎండ పడుతోంది. ఎండలో తుంపర తెల్లగా కనిపిస్తోంది. గాలి లేదు. తుంపర నేల మీద వాలాలి. వాలలేదు. సన్నటి తోకలా సాగి, పక్కకి తిరిగి, బల్ల కింద ఉన్న గోడరంగు గొట్టంలోకి దూరిపోయింది.

అమ్మ ఇంకోసారి కొట్టింది. మళ్ళీ అదే జరిగింది. కొంగు చివరి నుంచి దారప్పోగు ఒకటి తెంపి గొట్టం దగ్గర పట్టుకుంది. అది లేచి నిలబడి టక్కున జాలీకి అతుక్కుంది. ఆపరేషన్ గదిలో గాలి ఎటు పోతుందో తెలుసుకోడానికి ఇంజనీర్లు పొగ వదిలి చూస్తారు. ముప్పై ఏళ్ళు ఆ పొగ వెంట కళ్ళు తిప్పిన మనిషికి ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

తలుపు తెరుచుకుంది.

"బాబూ, ఒకసారి ఇటు రండి. ఇక్కడెవరో దాహంతో ఉన్నారు."

బావ, అక్క, నేను ముగ్గురం బల్ల కిందికి వంగాం. అమ్మ దూరంగా కొట్టి చూపించింది. తోక గొట్టంలోకి వెళ్ళింది. బావ కళ్ళు గొట్టం వెంట గోడదాకా, గోడలోంచి అల్మారాదాకా, అల్మారాలోంచి పెట్టెదాకా వెళ్ళాయి. స్ప్రేలన్నీ బాల్కనీలోనే కొట్టమన్నది ఆయన. యంత్రం గాలి బాల్కనీలోంచే పీల్చాలన్నది ఆయన. ఏడాది తేడాతో చేసిన ఆ రెండు పనులూ వేటికవే మంచివి. అక్క వారానికోసారి కొట్టే నాలుగు తుంపరల్ని పగడం తట్టుకుంది. వారం రోజులుగా అమ్మ, ఆ పైన మా సెంట్లతో సహా మేమూ వరసలో నిలబడి పగడానికి తాగించాం. లోపల కొట్టి ఉంటే గది నిండా చెదిరిపోయి కాస్తయినా తగ్గేది. ఇది నేరుగా నోట్లో పోసినట్టు అయింది.

"ఈ గొట్టం పెట్టిందెవరు?" అంది అమ్మ.

"నేనేనే అమ్మా" అన్నాను.

"ఎంత నీటుగా పెట్టావురా! సరిగ్గా నా సీసా మూతికి నోరు ఆనించినట్టు పెట్టావు. రంగు కూడా వేశావా? శభాష్."

బావ అప్పటికే అల్మారా దగ్గర ఉన్నాడు. యంత్రం ఆపాడు. ఇంకా ఏం చేయాలో వేగంగా చెప్పాడు. నీళ్ళ దారిలో శుద్ధి బొగ్గు సంచీ పెట్టాలి. సగం నీళ్ళు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోయాలి. రేపు మళ్ళీ సగం, ఎల్లుండి మళ్ళీ సగం. ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం. ఉప్పు ఉంది, వడగట్టిన నీళ్ళున్నాయి, బొగ్గుంది. కలపడానికి బకెట్లు కావాలి. ఇంట్లో ఆరు బకెట్లున్నాయి. ఆరింటినీ అమ్మ వారం నుంచి గులాబీ సీసాతో తళతళలాడిస్తోంది.

బావ తల పట్టుకున్నాడు. "అన్నిట్లో సబ్బుంటుంది. ఒక్క చుక్క చాలు."

అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టింది. "బకెట్లు నాకొదిలేయండి. మీరు బొగ్గు చూసుకోండి."

బాత్రూములో నేల మీద కూర్చుని మొదలుపెట్టింది. వట్టి నీళ్ళతో కడిగి, వంచి, మళ్ళీ కడిగి. ఆ తరువాత అడుగున గుక్కెడు నీళ్ళు పోసి, బకెట్టుని చంటిపిల్లని ఊపినట్టు ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, వెలుగుకి పట్టి చూసేది. లోపల బుడగ లేస్తుంది. "ఒకటి, రెండు, మూడు." మూడు లెక్కపెట్టేలోపు బుడగ చిట్లిపోతే బకెట్టు పాస్. నిలిస్తే ఫెయిల్, మళ్ళీ మొదటికి. అయిదు బకెట్లు నాలుగోసారికి పాసయ్యాయి. ఆరోది తొమ్మిది సార్లు కడిగినా బుడగ నిలిచింది.

"దీన్ని బయట పెట్టండి. ఇది బాగుపడే రకం కాదు" అంది.

బావ గుమ్మంలో నిలబడి ఆ చేతుల వైపే చూస్తున్నాడు. పని తెలిసిన చెయ్యి కనబడితే ఆయన కదలలేడు.

"ఈ పరీక్ష నాకు తెలీదు అత్తయ్యా."

"ఇంకా కొన్ని ఉన్నాయి బాబూ మీకు తెలీనివి. ఆ గొట్టంతో మొదలుపెట్టి చెప్పమంటారా?"

"చెప్పక్కర్లేదు. తప్పు నాది."

అమ్మ మరో బకెట్టు ఊపింది. "ముందు మీ చెల్లెల్ని లేపండి. తప్పు సంగతి తరవాత చూద్దాం."

మూడు రోజులు నీళ్ళు మార్చాం. బావ తిండి కూడా పెట్టె ముందే. తెల్లబడ్డ అంచు అరచెయ్యంత కాకుండా, రూపాయి బిళ్ళంత దగ్గర ఆగిపోయింది. నాలుగో రోజు రొయ్య మీసాలు బయటపెట్టింది. అయిదో రోజు పొద్దున అక్క కేకకి నేను చేతిలో కాఫీతో పరుగెత్తాను. పెద్ద పగడం ఎడమవైపు నుంచి ఒకే ఒక్క ఆకుపచ్చ వేలు బయటికి చాచింది. అటూ ఇటూ ఊపి చూసింది.

"వచ్చిందండీ మా ఆడపడుచు. ఒక వేలితో బెదిరిస్తోంది కూడాను" అంది అక్క. కళ్ళు తుడుచుకుంటూ అంది.

ఈలోగా నేను గొట్టం మార్చాను. బాల్కనీ వైపు రంధ్రం మూసి, ఎవరూ తిరగని వెనక గోడమీదుగా పైకి తీసి, చివర బొగ్గు నింపిన డబ్బా బిగించాను. ఈసారి రంగు వేయలేదు. కొట్టొచ్చినట్టు కనబడనీ అన్నాడు బావ.

ఒక రోజు బావ అడిగాడు. "అత్తయ్యా, థియేటర్లో అద్దాలకి ఏం స్ప్రే వాడేవారు?"

"స్ప్రేనా? ఎవరిచ్చారు మాకు స్ప్రేలు? ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ. తడిదాంతో ముందు, పొడిదాంతో వెంటనే. అంతకన్నా శుభ్రం చేసేది ఇంకా పుట్టలేదు."

"మరి ఈ ఎనిమిది సీసాలు?"

అమ్మ కాస్త సిగ్గుపడింది. "రిటైరయ్యాక కొనుక్కున్నాను బాబూ. ముప్పై ఏళ్ళు పిండిన గుడ్డే పిండాను. ఆ పుస్‌మనే చప్పుడు నాకిష్టం."

బావ సాయంత్రం కొత్త సీసా ఒకటి తెచ్చాడు. కడిగి, బుడగ పరీక్ష చేసి, వట్టి మంచినీళ్ళు నింపాడు. పనిముట్ల పెట్టెలోంచి ఒక ఆకుపచ్చ చీటీ తీసి మెడకి కట్టాడు. వాళ్ళ పనిలో దానికి అర్థం, వాడుకోవచ్చని. సీసాని అమ్మ చేతిలో పెట్టి, నోటీసులో "పెట్టె అద్దం ఎవరూ తుడవకూడదు" అన్న వాక్యం పక్కన "అత్తయ్య తప్ప" అని రాసి సంతకం పెట్టాడు. అప్పటి నుంచి అమ్మ రోజూ పొద్దున గుడ్డ మీద పుస్ పుస్‌మని రెండుసార్లు కొట్టి, ఆ గుడ్డతో అద్దం తుడిచి, పొడిగుడ్డతో ముగిస్తుంది. మిగిలిన ఎనిమిదీ చీటీలతో సహా సూట్‌కేసులోకి వెళ్ళాయి.

ఎనిమిదో రోజుకి పగడం నిండా విచ్చుకుంది. ఆ రూపాయి బిళ్ళ మచ్చ తప్ప అంతా మామూలే. బావ డ్యూటీ చొక్కా వేసుకుని బయల్దేరబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది. చేతిలో ఎర్రచీటీ.

"సీసాలకి కట్టారు. క్రీముకి, సెంటుకి, దోమలమందుకి కట్టారు. అసలు ప్రమాదానికి మాత్రం ఎవరూ కట్టలేదు" అంటూ చొక్కా రెండో బొత్తం కాజాకి చీటీ కట్టి, ముడి బిగించింది.

"డ్యూటీకి టైమైంది అత్తయ్యా. విప్పండి."

"సాయంత్రం విప్పుతాను. కట్టినవాళ్ళే కదా విప్పాలి?"

బావ అక్క వైపు చూశాడు. అక్క పైట నోట్లో కుక్కుకుంది. నా వైపు చూశాడు. నేను కాఫీ కప్పులో ముఖం దాచుకున్నాను. ఇంకొకరైతే మెట్లు దిగగానే విప్పి జేబులో వేసుకునేవారు. మా బావ అలాంటివాడు కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ముడి మీద తన ప్రాణం పెట్టి పనిచేసినవాడు. "ప్రమాదం. ముట్టుకోవద్దు" అని ఛాతీ మీద పెట్టుకుని అలాగే వెళ్ళాడు.

ఆ రోజు ఏడంతస్తుల ఆఫీసులో పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీటీ చొక్కాకే ఉంది. బూట్లతోనే పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పగడాన్ని చూసి, లేచి అమ్మ ముందు నిలబడ్డాడు. అమ్మ ముడి విప్పింది.

"కోపమొచ్చిందా బాబూ? అందరూ నవ్వారా?"

బావ తల అడ్డంగా ఊపాడు.

"లేదత్తయ్యా. చీటీ చూసి ఎవరూ నాతో లిఫ్టెక్కలేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కళ్ళు కూడా మాట్లాడించలేదు." ఆగి, చొక్కా కాజా సర్దుకున్నాడు. "రేపు కూడా కడతారా?"